దీపం, గంట, దీపం, గంట

ఫోన్‌లో తలుపు ఇంకా తెరుచుకోలేదు. అద్దం మీద ఇంగ్లీషులో ఒకే ముక్క కదలకుండా నిలబడి ఉంది. లోపల వేరేవాళ్లతో మాట్లాడుతున్నారు, మన వంతు రాగానే పిలుస్తారు అని నా కూతురు రుచిత దాన్ని చదివి చెప్పింది. పదకొండు గంటలకు కూర్చున్నాను. బొమ్మలు గీసేవాళ్లకు, పాటలు కట్టేవాళ్లకు వకీళ్లు శనివారం శనివారం ఊరికే సలహా చెప్తారట, మనిషికి పావుగంట. నా ముందు ముగ్గురున్నారు. వెలుతురు బాగుంటుందని, సిగ్నల్ కూడా అక్కడే దొరుకుతుందని తనే ఫోన్‌ను దేవుడి అరలో పసుపు డబ్బాకు ఆనించి పోయింది. అందువల్ల నేను దేవుడికి ఎదురుగా కూర్చున్నానో ఫోన్‌కు ఎదురుగా కూర్చున్నానో నాకే తెలియడం లేదు. పొయ్యి దగ్గర నుంచి నా భార్య రాజమ్మ ఒక మాట విసిరింది. "దేవుని ముంగట నిలబెట్టినవ్ గద, ఇగ దానికి గూడ హారతియ్యి." నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. "బాపూ, నువ్వేం నొక్కకు, చుప్‌చాప్ కూసో, పేరు పిలిస్తెనే మాట్లాడు" అని చెప్పి పోయింది రుచిత. నవ్వు కూడా అవతలికి వినబడుతుందేమో, నాకేం తెలుసు.

నా ఒళ్లో రెండు కాగితాలున్నాయి. ఒకటి నోటీసు. పన్నెండేళ్లుగా నేను చీరల అంచులు గీసి ఇచ్చిన సేఠ్, తన వకీలు చేత పంపించాడు. దీపం గంట అంచు తన పేరు మీద రిజిస్టర్ అయిందట. దాన్ని నేను దొంగిలించి మార్కండేయ గుడిలో మగ్గం మీద నేయిస్తున్నానట. పదిహేను రోజుల్లో నేత ఆపి, గీసిన గళ్ల కాగితాలన్నీ అప్పజెప్పాలి, లేదంటే కోర్టు. రేపటితో ఆ పదిహేను రోజులూ అయిపోతాయి. దొంగిలించి అనే మాట హిందీలో చదివి వినిపించినప్పుడు రుచిత గొంతు తగ్గించింది, పక్కింటివాళ్లు వింటారని. యాభై నాలుగేళ్ల వయసులో దొంగనయ్యాను. దేవుడి బట్టకు గీసిన గీతకు దొంగనయ్యాను. రెండో కాగితం సేఠ్ లెక్కలు చూసే మెహతాజీ దినేశ్ తెచ్చి ఇచ్చింది. అందులో నాలుగే వరుసలు, కింద సంతకానికి ఖాళీ. ఈ అంచును నేను సేఠ్ దగ్గర నౌకరీలో ఉండగా గీశానని రాసి ఉంది.

పక్క గల్లీలో మిషన్ మగ్గాలు మొదలయ్యాయి. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో ఇదే గల్లీలో ఎంత నిశ్శబ్దం. గుజరాతీల ఊళ్లో ఈ పర్వత్ పాటియాకు బతకడానికి వచ్చిన ముప్పై ఏళ్లలో మొదటిసారి, మగ్గం చప్పుడు లేక నా చెవులు ఏం చేయాలో తెలియక ఫ్యాను చప్పుడునే వింటూ కూర్చున్నాయి. సగంమంది మూటలు కట్టుకుని కరీంనగర్ దారి పట్టారు. మేము పోలేదు. నాకు అన్నలాంటి నేతగాడు రాజమల్లు కూడా పోలేదు. పోయి ఉంటే బతికేవాడా? ఏమో. మంచినీళ్ల గ్లాసు పక్కనే పెట్టింది రాజమ్మ, నేను చూడనే లేదు. ఫోన్ అద్దం నల్లబడ్డప్పుడల్లా అందులో నా ముఖం, నా వెనక గోడ మీద క్యాలెండర్ కనిపిస్తున్నాయి. ముట్టుకుంటే మళ్లీ అదే ఇంగ్లీషు ముక్క. గుడిలో దర్శనం వరుస అయితే ముందున్నవాళ్ల వీపులు కనబడతాయి, ఎంత కదిలిందో తెలుస్తుంది. ఈ వరుసలో ఎవరి వీపూ కనబడదు. వాళ్లు ఏం పోగొట్టుకుని వచ్చారో కూడా తెలియదు.

లోపలికి పిలిచాక మొదట ఏమడుగుతారు? ఇది నీదేనా అని అడుగుతారు. అదే నాకు భయం. అవును అనడానికి నాకు నోరు రావాలి. నా పని గళ్ల కాగితం మీద. ఒక గడి అంటే ఒక పోగు. ఎర్రగా నింపిన గడి దగ్గర పోగు లేస్తుంది, ఖాళీ గడి దగ్గర పడుకుంటుంది. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు, అట్టలను దారంతో దండలా కట్టి మగ్గం మీదికి ఎక్కిస్తారు, మగ్గం వాటిని ఒక్కొక్కటి చదువుకుంటూ బొమ్మ నేస్తుంది. ఇప్పుడంతా కంప్యూటర్. గుడి చేతిమగ్గానికి మాత్రం ఇంకా అట్టలే. మూడేళ్ల కింద, శ్రావణ పున్నమికి దేవుడి బట్ట నేసే వంతు రాజమల్లుది. అంచుకు దీపాల వరుస గీసి ఇచ్చాను. ఎవరైనా గీసే దీపాలే, ప్రమిద, పైన జ్వాల. అట్టల దండ కట్టేటప్పుడు రాజమల్లు ఒక కట్టను తిరగేసి కట్టాడు. అంత అనుభవం ఉన్నవాడు చేసే తప్పు కాదు. ఆ రోజు వాళ్ల ఊరి నుంచి ఏదో ఫోన్ వచ్చింది, మనసు అక్కడుంది. జానెడు నేశాక చూసుకున్నాడు. ఒక దీపం మామూలుగా ఉంది, దాని పక్కది తలకిందులుగా పడింది. నన్ను కేకేశాడు. నేను తల పట్టుకున్నాను. దేవుడి బట్ట మీద దీపం తలకిందులు! ఆయన మాత్రం బీడీ చెవి మీది నుంచి తీసి, వెలిగించకుండా పట్టుకుని చూస్తున్నాడు. "అరే కనకయ్యా, జర దూరం జరిగి చూడు. అది దీపం గాదు. గంట." నిజమే. ప్రమిద పైకి పోయి గంట గిన్నె అయింది, జ్వాల కిందికి వేలాడి గంట నాలుక అయింది. దీపం, గంట, దీపం, గంట. గుడి లోపలికి అడుగుపెట్టగానే మనిషి చూసే రెండూ వరుసగా నిలబడ్డాయి.

నేసింది విప్పించి, ఆ కాగితం పక్కన పడేసి, మళ్లీ మొదటి నుంచి గీశాను. తప్పులో పడ్డ గంట వంకరగా ఉంది. దానికి భుజం కావాలి, నాలుక కొంచెం పక్కకు ఊగాలి, ఊగితేనే మోగుతున్నట్టు ఉంటుంది. రెండింటి మధ్య పొగలాంటి సన్నగీత పెట్టాను, అది రాజమల్లు మగ్గంలో లేదు. వారం పట్టింది. అయితే అది ఎవరిది? కన్ను ఆయనది, గడి నాది. ఇద్దరికీ చూపించినవాడు ఇంకొకడున్నాడు. పటంలో మార్కండేయుడు లింగాన్ని కౌగిలించుకుని ఉన్నాడు, నా వంక చూడడం లేదు. దేవతలకు బట్ట నేసిన భావనారుషి మా కులానికి మూలపురుషుడు. ఆయన తన పేరు ఏ కొంగు మీద రాసుకున్నాడు? నాది అనడం అహంకారమని నాన్న చెప్పేవాడు. మరి నాది అననివాడి దగ్గరి నుంచి ఇంకొకడు తీసుకుని, ఇది నాది, నువ్వే దొంగవు అంటే, అప్పుడు కూడా నోరు మూసుకోవడం భక్తి అవుతుందా? ఈ ప్రశ్న నాన్నను అడగాలని ఉంది. ఆయన ఉన్నప్పుడు నాకు ఈ ప్రశ్న లేదు.

"పప్పు దించిన. తింటవా?" అంది రాజమ్మ. తల ఊపాను, వద్దని. "నువ్వు తినకుంటె వాళ్లు జల్ది పిలుస్తరా?" అంది. తాలింపులో వెల్లుల్లి వాసన. రాజమల్లుకు వాసన పోయిందని ఆయన భార్య ఊర్మిళ వదినె చెప్పిన రోజు గుర్తొచ్చింది. మొన్న ఏప్రిల్ నెల. ఊదుబత్తి ముక్కు దగ్గర పెట్టినా తెలియలేదట.

దినేశ్ కూడా చెడ్డవాడేం కాదు. మా గల్లీల్లో తిరిగి తిరిగి తెలుగు నేర్చుకున్నాడు, రాజమ్మ చేతి సర్వపిండి అడిగి తింటాడు. మొన్న గడప బయటే నిలబడి, మాస్కు కిందికి లాగి మాట్లాడాడు. "కనక్‌భాయ్, సైన్ పెట్టు, బస్. నౌకరీ అని రాస్తె నీకేం పోతది? సేఠ్ నిజంగ నౌకరీ ఇస్తడు. కూర్చోని గీసుకో, కంప్యూటర్ గూడ నేర్పిస్తరు."

"గుడి బట్ట?" అన్నాను.

"గుడి బట్ట మీద ఇంకోటి గీసుకో. నెమలి గీసుకో. దేవుడు వద్దంటడా?"

వద్దనడు. దేవుడు దేనికీ వద్దనడు, అదే కదా చిక్కు. లాక్‌డౌన్ నాటి నుంచి నాకు గీయమని ఇచ్చినవాడు లేడు. సంతకం పెడితే రేపటి నుంచి పని. నాలుగు వరుసలు. వాటిలో ఒక్కటే అబద్ధం. నేనెప్పుడూ నౌకరీ చేయలేదు, ఇంట్లో ఇదే కిటికీ కింద గీసి పట్టుకెళ్లేవాణ్ని. ఒక్క అబద్ధానికి ఇంత ఆలోచనా అని దినేశ్ కళ్లు అడిగాయి. ఆ కళ్లలో జాలి కూడా ఉంది. జాలి ఉండబట్టే నాకు కోపం రాలేదు.

నెమలి గీయొచ్చు. కానీ మగ్గం మీద ఇప్పుడు కూర్చున్నది ఊర్మిళ వదినె. ఈ ఏడు దేవుడి బట్ట ఎవరు నేస్తారంటే, నేను నేస్త అంది. గుడి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడమనిషి, అందులోనూ మూడు నెలల కింద భర్త పోయిన మనిషి. ఆమె మాత్రం ఒక్కటే అంది. "నేను గుడికి అంటు గాదంటె నేస్త. అంటంటె చెప్పుండ్రి, మా ఇంటికాడ్నే మగ్గం ఏస్కొని నేస్త." మర్నాడే గుడి మగ్గం ఎక్కింది. శ్రావణ పున్నమికి ఇంకా నెల ఉంది, సగం అయింది. అదే అంచు కావాలంది, దీపం గంట. నోటీసు సంగతి ఆమెకు చెప్పలేదు. రోజూ సాయంత్రం పోతాను, మగ్గం పక్కన కూర్చుంటాను, అంచు బాగుంది వదినె అంటాను, వచ్చేస్తాను. బట్ట చివర అక్షరాలు నేయడం ఆచారం, సంవత్సరం, నేసినవాడి పేరు. ఆమె అడగకముందే రాజమల్లు అని గళ్ల కాగితం మీద గీసి పెట్టాను. ఆయన బట్ట ఆయన పేరుతోనే పోవాలని. అది ఈ గోడకే చుట్టి నిలబెట్టి ఉంది. ఈ రెండు కాగితాలకన్నా దాని బరువే ఎక్కువగా ఉంది.

మూడేళ్ల కిందటి ఆ మొదటి బట్ట ఏడాది పాటు దేవుడి మీద ఉండి, ఆచారం ప్రకారం నేసినవాడి ఇంటికే వచ్చింది. మా దగ్గర ఇంకో అలవాటు ఉంది. కొత్త అంచు ఏదైనా ముందు దేవుడికి నేసి, ఊరేగింపులో పదిమందికీ చూపించాకే బజారుకు ఇస్తాం. అలాగే ఇచ్చాను సేఠ్‌కు. మాస్కులు దొరకని రోజుల్లో ఊర్మిళ వదినె ఆ బట్ట కోసి మాస్కులు కుట్టింది. దేవుడి బట్టకన్నా కాపాడేది ఏముంటుందని. తప్పా? నేను అనలేను. ఆయన్ను ఆస్పత్రి బండిలోకి ఎక్కించేటప్పుడు నేను గల్లీ మలుపులో నిలబడ్డాను, దగ్గరికి రానివ్వలేదు. ఆయన ముఖం మీద ఆ మాస్కు. ఒక చెంప మీద దీపం, ఒక చెంప మీద గంట. చెయ్యి ఎత్తాడు. అదే ఆఖరు. తర్వాత ఆ ముఖం ఎవరికీ చూపించలేదు. నా గీత ఆయన ఊపిరి మీద పోయింది. దాన్ని ఇప్పుడు ఎవరిదని చెప్పాలి?

ఫోన్ వెలిగింది. అరలో ఒక అమ్మాయి ముఖం, దేవుడి పటం కన్నా కొంచెం చిన్నగా.

"కనకయ్య గారూ, నా మాట వినబడుతోందా?"

"ఇనబడుతున్నది మేడం."

"మేడం వద్దండీ. నా పేరు మౌక్తిక. మాది హనుమకొండే, ఇప్పుడు అహ్మదాబాద్‌లో వకీలును. నోటీసు ఫొటో చూశాను. ముందు ఒక్కటి చెప్పండి. ఆ అంచు మీరు గీసిందేనా?"

పదకొండు గంటల నుంచి ఈ మాట కోసమే కూర్చున్నాను. అయినా ఒక్క అవునుతో సరిపెట్టలేకపోయాను. అంతా చెప్పాను, తిరగబడ్డ అట్టల కట్ట, వెలిగించని బీడీ, దూరం జరిగి చూడమన్న మాట. పావుగంటలో ఎంత తిన్నానో తెలియదు. ఆమె ఆపలేదు. రాజమ్మ గరిటె చప్పుడు కూడా ఆగింది.

"ఆలోచన ఎవరికైనా రావచ్చు, దానికి చట్టం కాపలా కాయదు" అంది ఆ అమ్మాయి. "కాగితం మీద ఎవరి చెయ్యి ఆడింది?"

"నాదే."

"అయితే గీసినవారు మీరే. బొమ్మ మీద హక్కుకు ఎక్కడా రాయించుకోనక్కర్లేదు, గీసిన రోజే పుడుతుంది. మీరు సేఠ్ దగ్గర జీతానికి ఉన్నారా?"

"లేను. ఇంట్ల గీసి ఇచ్చేటోణ్ని."

"హక్కు ఇచ్చేస్తున్నానని ఎప్పుడైనా రాసిచ్చారా?"

"ఇప్పటిదాంక లేదు. ఇగో, ఈ కాగితమే." ఫోన్ ముందు పట్టుకున్నాను. ఆమె కళ్లు నాలుగు వరుసల మీద పోయి వచ్చాయి.

"సంతకం పెట్టకండి. చింపకండి కూడా, భద్రంగా దాచండి. నౌకరీలో గీసింది యజమానిది అవుతుంది. మీరు నౌకరీలో లేరు కాబట్టే వాళ్లకు ఈ కాగితం కావాల్సి వచ్చింది. సరే, సేఠ్‌కు ఇవ్వకముందు ఆ అంచును ఎవరైనా చూశారా?"

ఇక్కడే తప్పు చేశాననుకున్నాను. ముందే అందరికీ చూపించడమే నన్ను ముంచిందనుకున్నాను. "దేవుడు చూసిండు" అన్నాను.

"దేవుడు కాకుండా?"

"ఊరేగింపుల ఒచ్చినోళ్లంత చూసిండ్రు. వెయ్యి మంది ఉంటరు."

ఆమె మొదటిసారి నవ్వింది. "అదేనండీ మిమ్మల్ని కాపాడేది. జనం ముందే చూసిన డిజైన్‌ను కొత్తదని రిజిస్టర్ చేయడానికి లేదు. చేసినా కొట్టేయమని అడగొచ్చు. నేత ఆపొద్దని చెప్పండి, జవాబు ఈ రోజే నేను రాస్తాను." తర్వాత గొంతు కొంచెం మారింది. "ఇంకోటి కూడా చెప్పాలి, దాచకూడదు. రిజిస్టర్ చేయించుకోని డిజైన్‌ను మిషన్ మీద యాభైసార్లు దాటి నేశాక, మీ కాపీరైటు కూడా దాని మీద నిలవదు. సేఠ్ పేరు తీయించడానికి పోరాడగలను. ఆ చోట మీ పేరు పెట్టించలేను."

"అంటె ఎవలిది గాదన్నట్టు."

"ఎవరూ దానికి తాళం వేయలేరన్నట్టు."

దేవుడికి ఇచ్చిన రోజే అది నాది కాదనుకున్నవాణ్ని. అయినా ఆ మాట వకీలు నోట వినేసరికి లోపల ఎక్కడో కలుక్కుమంది. అంటే ఇన్నాళ్లూ నాది అని ఒక మూల అనుకుంటూనే ఉన్నానన్నమాట. పటం వైపు చూడలేకపోయాను.

"రుజువు కావాలి, సంవత్సరం తెలిసేది. ఆ పాత బట్ట ఉందా?"

"ఉన్నది. దాని మీద సంవత్సరం నేసి ఉంటది, నేసినోని పేరుంటది. గీసినోని పేరుండదు."

"ఇకనుంచి ప్రతి కాగితం మూలన మీ పేరు, తేదీ రాయండి, ఫొటో తీసి పెట్టుకోండి. కొత్తది ఏదైనా గీస్తే, ఎవరికీ చూపించకముందే నాతో చెప్పండి, రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెడదాం."

"దేవునికి గూడ చూపొద్దా?"

"దేవుడికి చూపించండి. ఊరేగింపు మాత్రం దరఖాస్తు పెట్టాక."

అద్దం నల్లబడింది. నా ముఖం, క్యాలెండర్. నా వెనక వరుసలో ఎవరో ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటారు, వాళ్లకు తలుపు తెరుచుకుని ఉంటుంది. నౌకరీ కాగితాన్ని మడిచి దేవుడి అరలో పటం వెనక పెట్టాను. పెట్టాక అనిపించింది, ఆ అరలోకి పోయిన మొదటి అబద్ధం అదేనని. కానీ దాచమంది కదా వకీలు.

ఇప్పుడు ఊర్మిళ వదినెను అడగాలి. మిగిలిన ఆ పాత బట్టలో, మగ్గం మీద పోగులు దువ్వే ఆయన పన్నెను చుట్టి దాచుకుందని రాజమ్మ చెప్పింది. ఇచ్చేయమని ఎలా అడగను? ఫోన్ చేశాను. అటు నుంచి మగ్గం చప్పుడు. ఒకసారి మొదలుపెట్టాక అంతా చెప్పేశాను, నోటీసు, దినేశ్, వకీలు. మగ్గం ఆగింది.

"నోటీసొచ్చి ఎన్ని దినాలాయె?"

"పద్నాలుగు వదినె."

"పద్నాలుగు దినాలు నా పక్కపొంటి కూసోని అంచు మంచిగున్నది, మంచిగున్నది అన్నవ్. నోరు గిది చెప్పెతందుకు రాలేదా?"

గుడిలో ఎవరో గంట కొట్టారు, అది ఫోన్‌లో చిన్నగా వినబడింది.

"నడిమి బట్ట మాస్కులకు పోయింది. ఒక దిక్కు అంచు మూరెడు పోయింది, అది నీకెరికే" అంది. "పేరున్న కొస మంచిగనే ఉన్నది. ఫొటో తీస్కో. బట్ట మాత్రం ఎవ్వల చేతికియ్య. కోర్టుల సూపాలంటె నేనే పట్టుకొని ఒస్త."

"గంతే సాలు వదినె." ఇవ్వాలనుకున్నది ఇప్పుడైనా ఇద్దామని, "బట్ట కొసకు అక్షరాలు గీసి పెట్టిన. రాజమల్లన్న పేరు" అన్నాను.

"ఎందుకు?"

"యాదికి."

"ఆయన పేరు ఆయన నేసిన బట్ట మీదున్నది గద. దీన్ని నేసెటిది ఎవలు?"

కాగితం మీద ఎవరి చెయ్యి ఆడింది అని ఇంతకుముందే ఒక అమ్మాయి నన్ను అడిగింది. నేను నాదే అన్నాను.

"ఊర్మిళ అని రాయి" అంది. మగ్గం మళ్లీ మొదలైంది. ఫోన్ పెట్టేయడం ఆమె మరిచిపోయింది. నేనూ పెట్టేయలేదు.

గోడకు ఆనించిన చుట్టను పక్కన పెట్టి, కొత్త గళ్ల కాగితం పరిచాను. పైన శ్రీ రాశాను, ఎప్పటిలాగే. కింద మూల ముప్పై ఏళ్లుగా ఖాళీగా వదిలే చోటు. అక్కడ కనకయ్య అని రాసి, తేదీ వేశాను. ఇంతవరకు దేవుడి బట్ట మీద ఏ ఆడమనిషి పేరూ గీయలేదు. ఊ దీర్ఘం గళ్లలో ఒదగడానికి రెండు వరుసలు ఎక్కువ తీసుకుంది. ర కింద మ వత్తు పెడితే కింది దీపం జ్వాలకు తగులుతోంది. దీపాన్ని జరపలేను, పేరును కొంచెం పైకి ఎత్తాను. ళ దగ్గర ఒక గడి తప్పింది. చెరిపి, వేలు పెట్టి మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాను.